బావిలో ఈత కొడితే ముక్కులోకి నీళ్లు పోయాయా? 12 రోజులు గమనించండి

అన్నా, మీ బాబు మొన్న ఆదివారం మిర్యాలగూడ దగ్గర వ్యవసాయ బావిలో దూకితే ముక్కులోకి నీళ్లు పోయాయని, కేరళలో మెదడును తినే అమీబా వార్తలు చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదని రాశారు కదా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. ఆ అమీబా పేరు నేగ్లేరియా ఫౌలెరి, అది చెరువులు, బావుల్లాంటి ఉప్పు లేని వెచ్చటి నీళ్లలో, అడుగు బురదలో బతుకుతుంది. కానీ జబ్బు చాలా చాలా అరుదు. నీళ్లు మింగితే రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ముక్కులోంచి వాసన నరం వెంట మెదడుకు చేరితేనే వస్తుంది.

లక్షణాలు 1 నుంచి 12 రోజుల్లో కనబడతాయి. ఈలోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది వచ్చినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, దయచేసి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, బావిలో ఈత కొట్టిన సంగతి మీరే ముందు చెప్పండి, అప్పుడే వెన్ను నీరు తీసి అమీబా కోసం చూస్తారు. సోకినవాళ్లలో నూటికి 95 మందికి పైగా చనిపోతున్నారు, అయినా 2024లో కోజికోడ్‌లో 14 ఏళ్ల పిల్లాడు బతికాడు, త్వరగా గుర్తించి మిల్టెఫోసిన్ లాంటి మందులు మొదలుపెట్టడం వల్లే.

ఎండాకాలం నీళ్లు అడుగంటి వేడెక్కినప్పుడు పై నుంచి దూకనివ్వొద్దు, బురద కెలకనివ్వొద్దు. ఈతకు వెళ్తే ముక్కు క్లిప్పు పెట్టించండి.