కుక్కపిల్ల రాత్రంతా క్రేట్‌లో పడుకోవాలంటే

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ లాబ్రడార్ పిల్ల పగలు క్రేట్‌లో (అదే, దాన్ని పడుకోబెట్టే తలుపున్న బోనులో) బుద్ధిగానే ఉంటోందనీ, రాత్రి మాత్రం ఒంటిగంటకొకసారి, నాలుగింటికొకసారి లేపుతోందనీ రాశావు. 10 వారాల పిల్ల అలా లేవడం తప్పేం కాదు. పగటిపూట ఎన్ని నెలల పిల్లయితే అన్ని గంటలు, పైన ఇంకో గంట ఆపుకోగలదని ఒక లెక్క. నిద్రలో ఉచ్చ తక్కువ తయారవుతుంది కాబట్టి రాత్రి కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. నాలుగు నెలలు దాటేసరికి లాబ్‌లు చాలావరకు ఆరేడు గంటలు పడుకుంటాయి. పొమరేనియన్ లాంటి చిన్న జాతులకు ఇంకా ఆలస్యమవుతుంది.

ముందు సాయంత్రం తిండి సంగతి చూడు. మన ఇళ్లల్లో రాత్రి తొమ్మిదింటికి పాలన్నమో పెరుగన్నమో పెట్టి పడుకోబెడతారు. అదంతా నీళ్లే, ఒంటిగంటకు బయటికొస్తుంది. పైగా చాలా పిల్లలకు పాలు అరగవు, విరేచనం పట్టుకుంటుంది. ఆఖరి తిండి ఏడింటికల్లా అయిపోవాలి. తిన్న పావుగంట నుంచి అరగంటలోపు దొడ్డికి తీసుకెళ్లు. నీళ్ల గిన్నె తొమ్మిదింటికి తీసెయ్యి, కానీ పగలంతా నీళ్లు తగ్గించకు. ఎండాకాలంలో అయితే పడుకునేముందు కూడా రెండు గుక్కలు పట్టించాలి. పరుగులు, ఆటలు తొమ్మిదిలోపే ముగించు. ఆడి ఆయాసపడితే మళ్లీ నీళ్లు కావాలంటుంది.

10.30కి ఆఖరిసారి తీసుకెళ్లినప్పుడు ఒకసారి పోయగానే తెచ్చేయకు. పిల్లలు ధ్యాస చెదిరి సగమే పోసి వచ్చేస్తాయి. ఇంకో మూడు నాలుగు నిమిషాలు అక్కడే నిలబడితే రెండోసారి పోస్తుంది.

అలారం పెట్టుకోవడం అసలు పని. అది ఏడ్చాక నువ్వు లేస్తే, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. కాబట్టి దానికంటే పావుగంట ముందే, 12.45కీ 3.45కీ నువ్వే లేపు. వరుసగా మూడు రాత్రులు క్రేట్ పొడిగా ఉంటే రెండు అలారాలూ పావుగంట ఆలస్యానికి జరుపు. ఇలా మొదటిది 2.30కి వచ్చేసరికి రెండోది 5.30 అవుతుంది, అంటే తెల్లారినట్టే. అక్కడికి మూడు వారాలు. మిగిలిన ఒక్క అలారాన్నీ అలాగే జరుపుకుంటూ 4.30 దాకా తెచ్చి, తర్వాత ఎత్తేయొచ్చు. మధ్యలో తడిపిందంటే తొందరపడ్డావన్నమాట. అరగంట ముందుకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టు, దాన్ని తిట్టకు.

రాత్రి లేపినప్పుడు లైటు వేయకు, ముద్దు మాటలొద్దు. చేతుల్లో ఎత్తుకునే తీసుకెళ్లు. నడిపిస్తే దారిలోనే పోసేస్తుంది. టీకాలు పూర్తికాలేదు కనుక వీధికుక్కలు తిరిగే కిందికి తీసుకెళ్లకు, కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. బాల్కనీలో ట్రే పెట్టి పేపరో గడ్డిమ్యాటో పరువు. అయిదు నిమిషాల్లో పోయకపోతే తిరిగి క్రేట్‌లోకే. అలారం లేని వేళ ఏడిస్తే మాత్రం గంటలకొద్దీ ఏడవనివ్వద్దు, ఇలాగే మౌనంగా తీసుకెళ్లి తీసుకురా. ఒకసారి తన ఉచ్చలో పడుకోవడం అలవాటైతే క్రేట్ శిక్షణంతా నీళ్లపాలే.

క్రేట్ పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు చాలు. పెద్ద క్రేట్ కొనేశారు కాబట్టి మధ్యలో అడ్డు పెట్టండి, పెరిగేకొద్దీ జరపొచ్చు. మందపాటి పరుపు వద్దు, ఉచ్చ పీల్చుకుని పైకి పొడిగా ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బందే తెలియదు. పాత నూలు దుప్పటి మడత చాలు. క్రేట్ మీ మంచం పక్కనే ఉంచు, ఫ్యాన్ గాలి తగలాలి. తడిపిన చోట ఫినాయిల్ పోస్తే వాసన మన ముక్కుకే పోతుంది, దాని ముక్కుకు కాదు. పెట్ షాపులో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడు.

ఇవన్నీ చేసినా గంటకోసారి చుక్కచుక్కగా పోస్తున్నా, ముక్కుతున్నా, ఉచ్చలో ఎర్ర చార కనిపించినా, కుదురుకున్న పిల్ల హఠాత్తుగా తడపడం మొదలుపెట్టినా అలారం సర్దుబాట్లు ఆపి డాక్టరుకు చూపించు. ఆడ కుక్కపిల్లల్లో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం మామూలే. రాత్రిపూట విరేచనాలైతే నట్టల మందు ఎప్పుడు వేశారో కూడా చెప్పు. వెళ్లేరోజు పొద్దున మొదటి ఉచ్చను శుభ్రమైన గరిటెతో పట్టి, మూతున్న సీసాలో పోసుకుని, గంట రెండు గంటల్లోపు ఇవ్వు. ఆలస్యమయ్యేట్టుంటే అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచు.

ఇట్లు,
పెద్దమ్మ