పాత కాలపు పాకెట్ పిస్టళ్లు సేకరించి, కాల్చి చూసినవాళ్లు మనవాళ్లలో ఎవరైనా ఉన్నారా?

కాల్చినవాణ్ని నేనున్నాను. సేకరించడం మాత్రం మన దేశంలో మర్చిపోండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినా లెక్క అదే. అందులోనూ 9 ఎంఎం నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు) కాబట్టి జర్మనీ పిస్టల్ లూగర్ లాంటివి ఫొటోల్లో చూసుకోవాల్సిందే. మనకు ఎక్కువగా మిగిలేది .32 (అంగుళాల్లో బోరు). అమెరికాలో ఎవరో పెద్దాయన టేబుల్ మీద కోల్ట్ 1903, వాల్తర్ పీపీకే, ఎఫ్ఎన్ 1910 లాంటి పాత పిస్టళ్లు వరసగా పేర్చి వీడియో పెడితే నాకు కడుపు మండుతుంది.

నా దగ్గరున్నది వెబ్లీ అండ్ స్కాట్ .32, బర్మింగ్‌హామ్‌లో చేసింది. ఈ మోడల్ 1908లో మొదలైంది, 1911లో లండన్ పోలీసులు కూడా తీసుకున్నారు. తాతగారు కొన్నారు, నాన్నగారికి వచ్చింది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నా బతికుండగానే వారసుడికి ఇవ్వొచ్చని 2016 ఆయుధాల రూల్స్‌లో ఉంది. అలా నా పేరు మీదికి మారింది. చూడ్డానికి అందమేమీ ఉండదు, వడ్రంగి మూలమట్టంలా ఉంటుంది.

మా నాన్నగారు దాన్ని ఏళ్ల తరబడి తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి బీరువాలో దాచారు. మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. సముద్రపు ఉప్పుగాలికి ఏటా రంగు వేసినా కిటికీ గ్రిల్స్ పొలుసులు లేస్తాయి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి, కరెంటు లేక, ఇల్లంతా తడిసి, అన్నీ సర్దుకున్నాక బీరువా తీస్తే, తోలు ఆనిన చోటల్లా స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే ఇనుప భాగం) మీద ఎర్రగా తుప్పు. తోలు తేమను పీల్చుకుని ఇనుముకే అంటిస్తుంది. పైగా ఎవరి సలహానో గానీ లోపల కొబ్బరినూనె రాసి ఉంది, అది బంకలా గట్టిపడింది. లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర శుభ్రం చేయించి, ఆ తర్వాతే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాను.

నాన్నగారూ వచ్చారు, వెనకాల కుర్చీలో కూర్చున్నారు. మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో, ఎనిమిది పడతాయి. చిన్న తూటాయే కదా, 71 గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాముల పైచిలుకు, మెత్తగా ఉంటుందనుకుంటారు. ఉండదు. బారెల్ (గొట్టం) ఫ్రేముకే బిగించి ఉంటుంది. వెనక్కొచ్చే స్లైడ్‌ని ఆపేది దాని బరువు, కుడి పక్క పిడి రేకు కింద దాక్కున్న వి ఆకారం స్ప్రింగు, అంతే. దెబ్బ నేరుగా అరచేతిలో దిగుతుంది. గురి చూసే సైట్లు పేరుకే ఉన్నాయి, తూటాలు కాగితం మీద నల్ల చుక్క పక్కన ఎక్కడో పడుతున్నాయి. రెండు మూడు పేలాక "టిక్" అంది. పేలలేదు.

ఇక్కడే మా బావమరిది "అయ్యో, ఏమైంది" అంటూ తొంగిచూడబోతే రేంజ్ ఆయన భుజం పట్టి వెనక్కి లాగారు. అలాంటప్పుడు తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, తూటాలోని మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆగాను. వెబ్లీకి హ్యామర్ (తూటా పేలేలా కొట్టే చిన్న సుత్తి) బయటికే ఉంటుంది కాబట్టి వేలితో మళ్లీ లాగి కొట్టాను, ఈసారి పేలింది. ఎఫ్ఎన్ 1910 లాంటి వాటికి ఈ సౌకర్యం లేదు, స్లైడ్ లాగి ఆ తూటాని పారేయాల్సిందే. ఆ మోడల్ పిస్టల్‌తోనే 1914లో సారాయేవోలో ఆస్ట్రియా యువరాజు ఆర్చ్ డ్యూక్ ఫ్రాన్జ్ ఫెర్డినాండ్‌ని కాల్చారని అందరూ దాన్నే పొగుడుతారు. నా మటుకు వెబ్లీయే గొప్ప, మీరేమనుకున్నా సరే.

నాన్నగారు లేచి వచ్చి "తుపాకీది తప్పు కాదురా, తూటాది" అని మళ్లీ వెళ్లి కూర్చున్నారు. నిజమే అయ్యుంటుంది.

ఇంకో బాధ చెప్పాలి. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్నవాళ్లలో చాలామందిమి తుపాకీ డిపాజిట్ చేయాల్సి వస్తుంది. 2024లో ఒకచోట అప్పజెప్పి, తిరిగి తెచ్చుకుని చూస్తే పిడి రేకు మూల పగిలి ఉంది. అది వల్కనైట్, వందేళ్ల నాటి గట్టి నల్ల రబ్బరు, పింగాణీ కన్నా పెళుసు. అడిగితే "పాతది కదండీ" అన్నారు. పాతది కాబట్టే కదా జాగ్రత్తగా పట్టుకోమన్నాను! ఆ రేకు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? 1980ల నుంచి మామూలు మనిషి విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి మూసేశారు. దాంతో ఇక్కడున్న పాతవాటికే లక్షలు పలుకుతున్నాయి, విడిభాగాలు మాత్రం ఉండవు.

కాబట్టి మీకు వారసత్వంగా ఒకటి వస్తే, తోలులోంచి తీసేయండి. పలచటి గన్ ఆయిల్ రాసి, సిలికా జెల్ పొట్లాలు వేసి, లైసెన్సు ప్రకారం తాళం వేసి ఉంచండి. అప్పుడప్పుడూ రేంజ్‌కి తీసుకెళ్లండి. వారసత్వంగా ఏదీ రాకపోతే ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి, సరదాకి అది చాలు.

నాదెంతకి ఇస్తారని మెసేజ్‌లు పెట్టకండి. మా అమ్మాయి ఎప్పుడో అడిగేసింది.