ఓస్వాల్డ్ బోల్కేను అంత గొప్పవాడని ఎందుకంటారు?

"మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానికుడు రిక్ట్‌హోఫెన్ 80 విమానాలు కూల్చాడు, ఆయన గురువు బోల్కే కూల్చినవి 40 మాత్రమే. మరి తొలి జర్మన్ యుద్ధ వైమానికుల్లో బోల్కేకు అంత పెద్ద పీట ఎందుకు?" అన్నది ఇక్కడ అడిగిన ప్రశ్న. వైమానిక దళంలో నేల మీద పనిచేసే సాంకేతిక సిబ్బందిలో ఒకడిగా ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఈ లెక్కల పోలిక ఏనాడూ నచ్చలేదు. 1916 అక్టోబరులో చనిపోయేనాటికి బోల్కే వయసు 25 ఏళ్లు. అప్పటికి ఏ దేశపు వైమానికుడూ అన్ని విమానాలు కూల్చలేదు. అయినా ఆయన గొప్పతనం ఆ 40లో లేదని, తనకు తెలిసిన విద్యను ఇతరులకు అందేలా చేయడంలో ఉందని నా దృఢమైన అభిప్రాయం.

హాలె నగరం పక్కన పుట్టి డెసావ్‌లో పెరిగిన ఈ బడిపంతులు కొడుకు, సైనిక పాఠశాలలో చేర్చుకోమని చిన్నతనంలోనే నేరుగా చక్రవర్తికి ఉత్తరం రాశాడు. 1911లో కోబ్లెంజ్‌లోని టెలిగ్రాఫ్ బెటాలియన్‌లో చేరి, 1914లో విమానం నడపడం నేర్చుకున్నాడు. తిరిగే పంకా రెక్కల మధ్యనుంచి తుపాకీ పేల్చగలిగే ఫోకర్ ఒంటిరెక్క విమానం 1915లో వచ్చినప్పుడు, దానితో ఎలా పోరాడాలో చెప్పే పుస్తకం ఏదీ లేదు. బోల్కే, ఆయన సహచరుడు ఇమ్మెల్‌మాన్ ఆకాశంలోనే కనుక్కోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరికీ 1916 జనవరి 12న అత్యున్నత పతకం పూర్ ల మెరిట్ లభించింది. అంతకుముందు, 1915 ఆగస్టులో, ఫ్రాన్స్‌లోని దువే పట్టణంలో కాలువలో మునిగిపోతున్న ఒక ఫ్రెంచి బాలుణ్ణి బట్టలతోనే దూకి కాపాడినందుకు ప్రాణరక్షణ పతకం కూడా వచ్చింది. పతకాల గురించి పేజీలు నింపేవారు ఈ రెండోదాన్ని ఒక్క వాక్యంతో దాటేయడం నాకు బాధ కలిగిస్తుంది.

సూర్యుణ్ణి వెనక ఉంచుకో, దగ్గరికి వెళ్లేదాకా కాల్చకు, శత్రువు నీ మీదికి దూకితే పారిపోక ఎదురు తిరుగు, ఒకే శత్రువు వెంట పలువురు పడకండి: ఇలాంటి ఎనిమిది సూత్రాలను ఆయన రాసిపెట్టాడు. 1916 ఆగస్టులో 2వ యుద్ధ విమాన స్క్వాడ్రన్ బాధ్యత అప్పగించినప్పుడు మనుషులను స్వయంగా ఎంచుకున్నాడు. రిక్ట్‌హోఫెన్‌ను, అప్పటికే ముప్పై ఏడేళ్లున్న ఎర్విన్ బోమేను తూర్పు రంగంలోని కోవెల్‌లో చూసి వెంట తెచ్చుకున్నాడు. కొత్త విమానాలు వచ్చేదాకా శిష్యులకు నేల మీదే పాఠాలు చెబుతూ, ఉదయాన్నే తానొక్కడే యుద్ధానికి వెళ్లి వచ్చేవాడు. ఎవరినైనా కూల్చారా అని శిష్యులు అడిగితే, తన గడ్డానికి తుపాకీ మసి అంటిందేమో చూడమనేవాడు. సెప్టెంబరు 17న వారిని వెంట తీసుకెళ్లాడు. రిక్ట్‌హోఫెన్ తొలి విజయం ఆ రోజుదే.

అక్టోబరు 28న, ఆ ఒక్క రోజులోనే ఆరోసారి, ఆయన ఆకాశంలోకి లేచాడు. ఆయనా బోమే ఒకే బ్రిటిష్ విమానాన్ని తరుముతుండగా, రిక్ట్‌హోఫెన్ తరుముతున్న మరొక బ్రిటిష్ విమానం వారి ముందునుంచి అడ్డంగా దూసుకెళ్లింది. తప్పుకోబోయిన ఇద్దరి విమానాలూ ఒకదానికొకటి తగిలి, బోల్కే విమానం రెక్క దెబ్బతింది. ఆయన దాన్ని కొంతవరకు అదుపులో ఉంచగలిగినా, పట్టీ సరిగా బిగించుకోకపోవడం వల్ల, శిరస్త్రాణం లేకపోవడం వల్ల, నేలను తాకినప్పుడు ప్రాణం పోయింది. ఆ తాకిడి అంత తీవ్రమైనది కాదని, పట్టీ ఉంటే బతికేవాడేమోనని బోమే తర్వాత ఉత్తరంలో రాశాడు. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

పైలట్ కూర్చున్నాక నిచ్చెనెక్కి, భుజాల పట్టీలు, నడుము పట్టీ లాగి సరిచూడడం మా పని. రోజులో మూడో నాలుగో సార్టీకి, అంటే ఒకసారి పైకెళ్లి తిరిగొచ్చే పనికి, వచ్చేసరికి, ఎంత క్రమశిక్షణ గలవారికైనా చేతుల్లో ఒక తొందర, ముఖంలో "ఇక చాలు" అన్న విసుగు కనిపిస్తాయి. ఒక వేసవి మధ్యాహ్నం ఒక యువ అధికారి అలాగే పట్టీ సంగతి వదిలేయమంటే, మా సార్జెంటు అది బిగిసేదాకా నిచ్చెన దిగలేదు. ఆ అధికారి చిరాకుపడినా ఎదురు చెప్పలేదు. బోల్కే పక్కన అలా మొండిగా నిలబడే మనిషి ఒక్కడుండి ఉంటే అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకే నాయకుణ్ణి ఒకే రోజు ఆరుసార్లు పైకి పోనిచ్చిన ఏర్పాటుదే అసలు తప్పు. అలసిన మనిషి, ఒకే శత్రువు వెంట పలువురు పడొద్దని తాను రాసిన సూత్రాన్నే పాటించలేడు.

ఫ్రాన్స్‌లోని కాంబ్రేలో అంత్యక్రియల ప్రార్థన జరిగింది; తమ ధీరుడైన, ఉదాత్తుడైన శత్రువుకు నివాళి అని రాసి బ్రిటిష్ వైమానికులు ఒక పుష్పగుచ్ఛాన్ని జారవిడిచారు. ఆ ఏడాది డిసెంబరులో స్క్వాడ్రన్‌కు ఆయన పేరే పెట్టారు. నేటి జర్మన్ వైమానిక దళంలో న్యోర్వెనిష్ స్థావరపు యూనిట్ కూడా ఆ పేరుతోనే ఉంది. బోల్కే మరణానికి బోమేను దోషిగా చూపే వ్యాసాలు రాసేవారు ఒక సంగతి గమనించాలి: 1917 ఆగస్టులో ఆ స్క్వాడ్రన్ నాయకత్వాన్ని అదే బోమేకు అప్పగించారు, నవంబరు 29న యుద్ధంలో నేలకొరిగేదాకా ఆయనే దాన్ని నడిపాడు.