డాలస్‌తో మొదలుపెట్టు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

అమెరికా రాజకీయాల్లో క్రైస్తవ ఛాందసం గురించి నువ్వు రాసింది చదివాను. కోపం బాగుంది. కాకపోతే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కోపమే ఉంది. వాళ్లు మూర్ఖులని, సైన్సు తెలియదని, కాలం వెనక్కి నడుస్తున్నారని తిట్టావు. మరి అంత మూర్ఖులైతే సుప్రీంకోర్టు చేత గర్భస్రావాన్ని హక్కు చేసిన యాభై ఏళ్ల నాటి తీర్పును ఎలా కొట్టేయించగలిగారని చదివేవాడు అడుగుతాడు. నీ దగ్గర జవాబు లేదు.

ముందు ఆ ఉషా వాన్స్ పేరాలు తీసెయ్. మన గోదావరి జిల్లా మూలాలున్న ఆవిడ గురించి, ఆవిడ ఎప్పటికైనా క్రైస్తవంలోకి వస్తే బాగుండునని ఉపాధ్యక్షుడైన భర్త సభలో అనడం గురించి రాస్తే మనవాళ్లు ఎగబడి చదువుతారు, నిజమే. కానీ అది వాళ్ల సంసారం. అలాగే 2021 జనవరి 6న చట్టసభల భవనం క్యాపిటల్ మీద పడ్డవాళ్ల చేతుల్లో శిలువలు, జీసస్ బోర్డులు అంటూ పేజీన్నర రాశావు. అందరూ టీవీలో చూసిందే. నాలుగు లైన్లు చాలు.

డాలస్‌తో మొదలుపెట్టు. తెలుగువాళ్లకి కొత్త ఊరేం కాదు. డౌన్‌టౌన్‌లో ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి ఉంది. 1973 జనవరిలో రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చి గర్భస్రావం రాజ్యాంగ హక్కయినప్పుడు అక్కడి పాస్టరు డబ్ల్యూ. ఎ. క్రిస్‌వెల్. అంతకు కొన్నేళ్ల ముందు సదరన్ బాప్టిస్టు అనే ప్రొటెస్టెంటు చర్చిల సమాఖ్యకి అధ్యక్షుడిగా చేసినవాడు. ఆయన ఆ తీర్పును మెచ్చుకున్నాడు! బిడ్డ పుట్టి, తల్లి నుంచి వేరుగా ఊపిరి పోసుకున్నాకే ఒక వ్యక్తి అవుతుందని తన అభిప్రాయం అన్నాడు. ఇంకా ముందు, 1971లో సెయింట్ లూయిస్‌లో జరిగిన వాళ్ల మహాసభే, అత్యాచారం జరిగినప్పుడు, పిండంలో తీవ్రమైన లోపం ఉన్నప్పుడు, తల్లి ఒంటికీ మనసుకీ ముప్పు ఉన్నప్పుడు చట్టం గర్భస్రావానికి వీలివ్వాలని తీర్మానం చేసింది. క్రిస్‌వెల్ తర్వాత మాట మార్చుకున్నాడనుకో. ఇప్పుడు ఆ చర్చి పాస్టరు రాబర్ట్ జెఫ్రెస్, 2016 నుంచీ ట్రంప్‌కి గట్టి మద్దతుదారు.

చర్చి అదే, బైబిలూ అదే. మరి మధ్యలో ఏం జరిగింది? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న పట్టుకుని నడవాలి.

జవాబులో పెద్ద ముక్క పన్నుల శాఖ ఫైళ్లలో దొరుకుతుంది. దక్షిణాదిలో నల్ల పిల్లలతో కలిసి చదవడం ఇష్టం లేని తెల్లవాళ్లు క్రైస్తవ ప్రైవేటు బడులు పెట్టుకున్నారు. జాతి వివక్ష పాటించే బడికి పన్ను మినహాయింపు ఇవ్వబోమని 1970లో ప్రభుత్వం చెప్పింది. సౌత్ కరొలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీ అడ్డం తిరిగింది. 1971 దాకా అక్కడ నల్లవాళ్లకి అడ్మిషనే లేదు. తర్వాత ఇచ్చినా, మొదట్లో పెళ్లయినవాళ్లకే. ఒక జాతి కుర్రాడు ఇంకో జాతి అమ్మాయితో తిరిగితే బయటికి పంపించేసే రూలు 2000 దాకా ఉంది. 1976లో ఆ సంస్థకి మినహాయింపు పోయింది. 1983లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది.

ఇందులో తమాషా చూడు. ఆ విధానం మొదలైంది నిక్సన్ కాలంలో, మినహాయింపు రద్దయింది ఫోర్డ్ కాలంలో. ఇద్దరూ రిపబ్లికన్లే. నింద మాత్రం తర్వాత వచ్చిన డెమొక్రాట్ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మీద పడింది. ఆయనేమో స్వయంగా సదరన్ బాప్టిస్టు, ఆదివారం బడిలో పాఠాలు చెప్పినవాడు. 1980 ఎన్నికల్లో మత నాయకులు ఆయన్ని వదిలేసి, విడాకులు తీసుకున్న సినిమా నటుడి వెనక నిలబడ్డారు. కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో గర్భస్రావం చట్టాన్ని సడలించింది ఆ రీగనే! 1980 ఆగస్టులో, అదే డాలస్‌లో, వేలమంది పాస్టర్లూ భక్తులూ నిండిన సభలో, మీరు నన్ను బలపరచలేరని తెలుసు, నేనే మిమ్మల్ని బలపరుస్తున్నానన్నాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఈ బడుల గొడవే ఉద్యమానికి అసలు పునాది అని చరిత్రకారుడు రాండల్ బాల్మర్ వాదిస్తాడు. అందరూ ఒప్పుకోరు. కాథలిక్కులు మొదటి నుంచీ గర్భస్రావాన్ని వ్యతిరేకించారు, ఎవాంజెలికల్ (బైబిలే ప్రమాణమనే ప్రొటెస్టెంటు) సామాన్యుల్లోనూ తీర్పు తర్వాత వ్యతిరేకత పెరుగుతూ వచ్చింది అనేవాళ్లున్నారు. ఆ మాటా రాయి. నీ వాదన బలహీనపడుతుందని భయపడకు. వర్జీనియా పాస్టరు జెర్రీ ఫాల్వెల్‌ని కూడా ఇక్కడే తీసుకురా. మార్టిన్ లూథర్ కింగ్ ఊరేగింపుల కాలంలో, 1965లో, పాస్టర్లకి రాజకీయాలెందుకు, ఆత్మల్ని రక్షించడం మన పని అని ప్రసంగించాడు. 1979లో మత ఓటర్లని కూడగట్టే మోరల్ మెజారిటీ సంస్థ పెట్టింది ఆయనే.

తర్వాత యంత్రాంగం. నువ్వు దీన్ని అసలు ముట్టుకోలేదు. 1988లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ రిపబ్లికన్ టికెట్ కోసం పోటీ చేసి ఓడిపోయాడు. మరుసటి ఏడు క్రిస్టియన్ కోలిషన్ అనే సంస్థ పెట్టాడు. ఎన్నికల ముందు ఆదివారం వాళ్లు చర్చిల్లో పంచిన కాగితాన్ని ఒక్కసారి ఊహించుకో. ఇద్దరు అభ్యర్థుల పేర్లు పక్కపక్కన. కింద వరసగా గర్భస్రావం, బడిలో ప్రార్థన, పన్నులు. ఎదురుగా ఈయన అనుకూలం, ఆయన వ్యతిరేకం. ఫలానావాడికి ఓటెయ్యమని ఎక్కడా ఉండదు. 1954 నాటి చట్టం ప్రకారం అలా చెబితే చర్చికి పన్ను మినహాయింపు పోవచ్చు. చెప్పకుండానే చెప్పడం అంటే అదీ. ఆరాధన అయిపోయి ఇంటికెళ్లేవాడు ఆ కాగితం బైబిల్లో పెట్టుకుని వెళ్తాడు. ఈ ఓపికే ఉద్యమాన్ని నిలబెట్టింది. 2016లో తెల్ల ఎవాంజెలికల్ ఓటర్లలో 80 శాతానికి పైగా ట్రంప్‌కి వేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. ఆయన నియమించిన ముగ్గురు జడ్జీల ఓట్లతో 2022 జూన్‌లో రో తీర్పు పోయింది.

"క్రైస్తవులు" అని ఊరికే రాసెయ్యకు. నల్లవాళ్ల చర్చిలు అటువైపు లేవు. అట్లాంటాలో కింగ్ బోధించిన ఎబెనీజర్ చర్చి పాస్టరు రాఫెల్ వార్నాక్ డెమొక్రాట్ సెనేటరు. నమ్మకాన్ని బట్టి ఓటేసేవాడు ఛాందసుడైపోడు. ఈ దేశం మా మతానిది, మిగతావాళ్లు మా దయ మీద ఉన్నారు అనేవాడి దగ్గర గీత గియ్యి. ఇంకో సంగతి. నీ వ్యాసాన్ని పక్క వీధి చర్చి మీద రాయిలా విసిరేవాళ్లు మన దగ్గర తప్పకుండా ఉంటారు. నెల్లూరు, ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కి ఈ సదరన్ బాప్టిస్టులతో సంబంధం లేదు. బానిసల యజమాని మిషనరీ కావచ్చా అన్న తగాదాతో 1845లోనే వాళ్లు విడిపోయారు. 1878 కరువులో ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం తీసుకున్న మాదిగల మునిమనవల్ని వర్జీనియా రాజకీయాలకి జవాబు చెప్పమనడం ఏం న్యాయం?

ఇప్పటి సంగతులకి టెక్సాస్ చాలు. ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పటం పెట్టాలని 2025లో చట్టం చేశారు. కొలతలు కూడా చట్టంలోనే ఉన్నాయి: కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు, మామూలు చూపున్నవాళ్లకి గదిలో ఎక్కణ్ణుంచైనా కనపడాలి. వెనక బెంచీవాడు కూడా తప్పించుకోలేడు. కోర్టుకెళ్లిన కుటుంబాల్లో హిందువులు, యూదులతో పాటు క్రైస్తవులూ ఉన్నారు. అదే ఏడు, షుగర్‌ల్యాండ్‌లో చిన్నజీయర్ స్వామి ఆధ్వర్యంలో వెలిసిన 90 అడుగుల హనుమంతుణ్ణి చూపించి, ఈ అబద్ధపు దేవుడి బొమ్మని ఇక్కడెందుకు ఉండనిస్తున్నాం, మనది క్రైస్తవ దేశం కదా అని ఒక సెనేట్ అభ్యర్థి అన్నాడు. దీని మీద మనవాళ్లు బాగా ఆవేశపడ్డారు. ఆ విగ్రహానికి రక్షణ ఎక్కడిదో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు. అది నువ్వు చెప్పు. కనెక్టికట్‌లో వేరే చర్చి పెత్తనం కింద నలిగిన డాన్‌బరీ బాప్టిస్టులు అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్‌కి ఉత్తరం రాస్తే, రాజ్యాంగం మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టిందని ఆయన 1802 జనవరి 1న జవాబిచ్చాడు. మతం మీద ప్రభుత్వ పెత్తనం వద్దని అడిగింది బాప్టిస్టులే.

ఇదంతా పెడితే వ్యాసం పెరిగిపోతుందని బెంగపడకు. తిట్లు తీసేస్తే బోలెడు చోటు మిగులుతుంది. తిరగరాసి పండగలోపు పంపు. టైపు చెయ్యి, నీ చేతిరాత నా కళ్లకి ఆనడం లేదు.

మీ అన్నయ్య