పొడి సంగతి తర్వాత, ముందు అక్క సంగతి

"మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అక్కే పెంచింది. అక్క పెళ్లయ్యాక బావ నన్ను కూడా వాళ్లింటికి తీసుకెళ్లి చదివించారు. నా పెళ్లీ ఆయనే చేశారు. బావకు షుగర్. కిడ్నీలు పోయి, ఏడాది పాటు డయాలసిస్ చేయించుకుని మూడేళ్ల కిందట చనిపోయారు. మాత్రలు మింగీ మింగీ ఆయన కిడ్నీలు పోయాయని అక్క అంటుంది. ఆ తర్వాత నాకు ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం మొదలైంది. అక్క నన్ను జొన్నవాడ తీసుకెళ్లి కామాక్షమ్మ గుడిలో నిద్ర చేయించింది. రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, మొక్కు తీరినవాళ్లు ఇచ్చే ఆరోగ్య రొట్టె నాకోసం పట్టింది. గుండె పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. చివరికి మానసిక వైద్యుడు ఆందోళన తగ్గించే ఎసిటాలోప్రామ్ 10 ఎంజీ రాశారు. రెండేళ్లు వాడాను, బాగున్నాను.

నెలన్నర కిందట అక్క ఉదయగిరి వైపు ఒకాయన దగ్గర ఆకుల పొడి తెచ్చింది. ఇంగ్లీషు మాత్రలు ఆపితేనే పొడి పనిచేస్తుందని ఆయన చెప్పాడట. ఆ రోజే ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిప్పడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, నిద్ర లేకపోవడం. లోపలి విషం బయటికి పోతోందని ఆయన అంటున్నాడు. పొడి వల్ల లివర్, కిడ్నీలు పాడయ్యాయేమోనని రెండు ల్యాబుల్లో పరీక్షలు చేయించాను. రెండూ నార్మల్. అయినా నమ్మకం కుదరడం లేదు. రోజుకు పదిసార్లు బీపీ చూసుకుంటున్నాను. రాత్రంతా ఫోన్లో వెతుకుతున్నాను. మా ఆయన 'అది మీ అక్కాచెల్లెళ్ల వ్యవహారం' అంటారు. అక్క కూడా నాలుగు నెలలుగా షుగర్ మాత్రలు మానేసి ఇదే పొడి వాడుతోంది, తనకేమీ కాలేదు. ఈ పొడి సురక్షితమేనా? నేను ఇంకా ఏ పరీక్షలు చేయించుకోవాలి?"

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. పొడి ఈ రోజే ఆపేయండి. మూడో ల్యాబు వద్దు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లు దురద, ఆకలి చచ్చిపోవడం లాంటివి ఉంటే తప్ప మీ అంతట మీరు ఏ పరీక్షకూ వెళ్లవద్దు. మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి. పొడి పొట్లం సంచిలో పెట్టుకుని వెళ్లి ఆయన ముందు పెట్టండి, దాచవద్దు. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మీరే మళ్లీ మొదలుపెట్టవద్దు. నెలన్నర ఖాళీ వచ్చింది, ఎంతతో మొదలుపెట్టాలో ఆయన చెప్పాలి. ఆలోపు రాత్రిళ్లు భరించలేనట్టుంటే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బులు పడవు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ తలలో జివ్వుమన్న ఆ కరెంటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని భయపెట్టిందీ, ఆ పొడి ఆయనకు అబద్ధం చెప్పే వీలు ఇచ్చిందీ అదే. ఎసిటాలోప్రామ్ జాతి మాత్రలను ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో సరిగ్గా ఇలాగే అవుతుంది. తల తిప్పడం, కళ్లు తిప్పినప్పుడల్లా షాక్ కొట్టినట్టుండటం, పీడకలలు, ఊరికే ఏడుపు, చిరాకు. మెదడు రెండేళ్లుగా ఆ మందుకు అలవాటు పడి తన లెక్క సర్దుకుని ఉంది, మీరు ఒక్క రోజులో ఆ ఆసరా లాగేశారు. చాలామందిలో ఇది ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది, కొందరిలో ఇంకా సాగుతుంది. అందుకే మాన్పించాలనుకున్నప్పుడు డాక్టర్లు వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తారు. నెలన్నర తర్వాత కూడా మీకు దడ ఉందంటే అది పాత జబ్బు మళ్లీ తలెత్తడం కావచ్చు. రెండింటిలో ఏదో తేల్చాల్సింది డాక్టరు. విషం బయటికి పోవడం మాత్రం కానే కాదు.

ఆ పెద్దమనిషి పెట్టిన షరతు ఒకసారి చూడండి. మాత్రలు ఆపితేనే పొడి పనిచేస్తుందన్నాడు. మాత్రలు ఆపగానే ఒంట్లో బాధ పుడుతుంది. దానికి విషం పోతోందని పేరు పెడతాడు. రెండు వారాలకు బాధ దానంతట అది తగ్గితే పొడి గొప్పదనం అంటాడు. తగ్గకపోతే ఇంగ్లీషు మందులు చేసిన చెరుపు అంటాడు. ఎటు చూసినా ఆయన ఓడిపోడు. చదువుకున్న టీచరు మీరు, ఈ లెక్క మీ పిల్లలకు ఇస్తే పట్టుకునేవాళ్లు. మీరు పట్టుకోలేకపోయింది తెలివి లేక కాదని నాకు తెలుసు. ఎందుకో కింద చెబుతాను.

ఈ మాట మీ ఒక్కరికే కాదు, ఇది చదివే అందరికీ. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. బీపీకి, గుండెకు ఇచ్చే అటెనలాల్ లాంటివి ఉన్నపళంగా మానేస్తే దడ, గుండెనొప్పి రావచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మానాలనుకోవడం తప్పు కాదు. ఏ మందైనా "ఇంకెన్నాళ్లు డాక్టర్ గారూ" అని అడిగే హక్కు మీకుంది, విసుక్కునే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మానడం మాత్రం రాసినవాళ్ల చేతుల మీదుగానే జరగాలి.

ఇక ఆకులు కదా, ఏం చేస్తాయిలే అనే మాట. గన్నేరు పప్పు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కబుర్లు వినని పల్లె మన జిల్లాలో ఉందా? గన్నేరూ చెట్టే, ఉమ్మెత్తా చెట్టే. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ తీశారు, దాన్ని శరీరం కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. మొక్కలో బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను, బలం ఉన్నదాన్ని కొలవకుండా గరిటెతో మింగడానికే నా అభ్యంతరం. మీ పొట్లంలో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు. తిప్పతీగ ఉంటే, కరోనా రోజుల్లో అది వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన వేరే. అశ్వగంధ ఉంటే దానితోనూ కొందరికి లివర్ వాచింది, థైరాయిడ్ లెక్కలు మారాయి. ఇంటర్నెట్లో అమ్మే 193 రకాల ఆయుర్వేద మందులను పరీక్షించి అమెరికా పరిశోధకులు 2008లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు ఐదో వంతు మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో రాసిన లేబుల్ ఉండాలని మన చట్టమే చెబుతోంది. కాగితంలో చుట్టి ఇచ్చిన పొడికి అవేవీ లేవు. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే బీఏఎంఎస్ చదివిన డాక్టరు దగ్గరికి వెళ్లి, నేను ఈ మాత్ర వాడుతున్నాను అని చెప్పి అడగండి. బాధ్యత తెలిసిన వైద్యుడు ఎవరూ మొదటి రోజే పాత మాత్రలు పారేయమనరు.

మన నెల్లూరు వాళ్లకు ఈ సంగతి ఒకరు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2021 మే నెలలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం ఎంత జనం కదిలారో చూశాం. ఆ మందుకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, డాక్టర్లు రాసిన మందులు మానవద్దనే ప్రభుత్వం చెప్పింది. జొన్నవాడలో మీరు నిద్ర చేశారు, కామాక్షమ్మ మాత్రలు పారేసి రమ్మనలేదు. స్వర్ణాల చెరువులో మీ అక్క చేతికి రొట్టె ఇచ్చిన తల్లి కూడా ఏ షరతూ పెట్టి ఉండదు. భక్తికీ నమ్మకానికీ నేను అడ్డం రాను. మనసు బాగోలేని మనిషిని నలుగురిలో పడుకోబెట్టి, పక్కన తనవాళ్లు తోడుండటం ఎంత ఊరటో నాకు తెలుసు. మళ్లీ వెళ్లండి. మాత్ర వేసుకుని వెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పొడి గురించీ, మాత్ర గురించీ ఉంది. నాకు కనిపించింది మాత్రం మీ అక్క. ఆ పొడి మంచిదో కాదో తినేముందు మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అక్క తెచ్చింది కాబట్టి తిన్నారు. అక్క మానమంది కాబట్టి మానారు. తల్లి లేని పిల్లను కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి, అత్తగారింటికి కూడా వెంట తీసుకెళ్లిన మనిషి, ఆమె ముఖం చూసి వద్దు అనే నోరు మీకు రాలేదు. ఆమెకు వద్దని చెప్పలేని భయం లోపలికి తిరిగి లివర్ మీద, కిడ్నీల మీద, బీపీ మిషన్ మీద పడిందని నా అనుమానం. ల్యాబు రిపోర్టు చెడ్డగా వచ్చుంటే మీకు ఒక రకంగా తేలికగా ఉండేది. అప్పుడు మానమని రిపోర్టే చెప్పేది, మీరు అక్కతో చెప్పాల్సిన పని తప్పేది.

ఆ బరువు నాకు తెలుసు. నన్ను ఒంగోలులో ఉంచి చదివించింది మా మేనమామ. నేను సంపాదన మొదలుపెట్టిన చాలా ఏళ్ల వరకు ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. ఒకసారి, మా అబ్బాయి చదువు విషయంలో, కుదరదు మామయ్యా అన్నాను. నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ నాలుగు నెలలూ నేను ఏడ్చాను, కానీ మాట మార్చుకోలేదు. సంక్రాంతికి ఆయనే అరిసెల డబ్బా పట్టుకుని వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చున్నారు. మీ అక్క కూడా అలాగే వస్తుందని నేను మాట ఇవ్వలేను. కొన్నాళ్లు అలగవచ్చు. పెంచిన ఋణం పెద్దదే, జన్మంతా తీర్చుకోండి, పండక్కి చీర పెట్టండి, ముసలితనంలో మీ ఇంట్లో పెట్టుకోండి. మీ ఒంట్లోకి ఏది పోవాలన్నది మాత్రం ఆ ఋణం కింద జమ కట్టేది కాదు.

మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని పొడికి మంచి సాక్ష్యంలాగా రాశారు. అక్క నాలుగు నెలలుగా షుగర్ మాత్రలు మానేసింది, తనకేమీ కాలేదు అని. అది చదివాక నాకు మీ లివర్ గురించి బెంగ పోయి, ఆమె గురించి పట్టుకుంది. షుగర్ పెరిగితే వెంటనే నొప్పి పుట్టదు, చాలామందికి ఏమీ తెలియదు. లోపల కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలు, కంటి వెనక నరాలు, పాదాలు నెమ్మదిగా పాడవుతుంటాయి. మీ బావ కిడ్నీలు పోయిన దారి ఇదే అయి ఉండాలి. మీ అక్క అలా అనుకోవడం లేదు. మాత్రలు మింగీ మింగీ ఆయన కిడ్నీలు పోయాయనుకుంటోంది. ఆమె చూసింది చూసినట్టు చెబుతోంది, ఆమెను తప్పుపట్టలేం. కిడ్నీలు బలహీనపడ్డాక డాక్టర్లు మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రలు తగ్గిస్తారు లేదా ఆపుతారు, అప్పటికే బలహీనపడ్డ కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు కాబట్టి. పక్కన కూర్చున్న భార్యకు మాత్రం, ఆ మాత్ర వల్లే పోయాయి, అందుకే ఇప్పుడు మాన్పించారు అనిపిస్తుంది. మందుల షాపులో అడిగి ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు నిజంగానే కిడ్నీలను తినేస్తాయి, ఆ మాట ఆమె ఎక్కడో వినే ఉంటుంది. భర్త పోయిన దుఃఖానికి ఒక దోషి కావాలి. ఆమెకు మాత్రలు దొరికాయి. చెల్లెలికైనా ఆ గతి పట్టకూడదని మీ చేతిలోని మాత్ర కూడా లాక్కుంది. ఇందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు, నేను ఒప్పుకుంటాను. ఆ ప్రేమే ఆమెను బావ దారిలో నడిపిస్తోంది. మీరు పక్కన కూర్చుని బీపీ చూసుకుంటున్నారు.

మీ ఆయన సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అది అక్కాచెల్లెళ్ల వ్యవహారం కాదని నేను చెప్పానని చెప్పి, డాక్టరు దగ్గరికి ఆయన్ను వెంట రమ్మనండి.

అక్క దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. ఫోన్లో వద్దు. పొడి తిట్టవద్దు, ఉదయగిరి ఆయన్నూ తిట్టవద్దు, తిడితే ఆమె ఆయన్ను వెనకేసుకొస్తుంది. "ఏందిమే, ఇంకా ఆ మాత్రలే మింగతావా?" అని అంటుంది, అననివ్వండి. మీ మాటల్లోనే చెప్పండి: "అక్కా, మాత్రలు ఆపిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నేను మళ్లీ డాక్టరు దగ్గరికి పోతా ఉండా. నీకు చెప్పకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ఇంకొక మాట. బావ వారం వారం ఆ సూదులు పొడిపించుకునేది ఇద్దరం చూసినాం. నిన్ను ఆ మంచం మీద నేను చూడలేను. మూడు నెలల షుగర్ టెస్టు ఒక్కటి చేయించుకో. పొడి నిజంగా పనిచేస్తా ఉంటే అందులోనే తెలిసిపోతుంది కదా."

ఆ చివరి మాట ఆమె కాదనలేదు. హెచ్‌బీఏ1సీ అంటారు ఆ పరీక్షను, గత రెండు మూడు నెలల్లో షుగర్ సగటున ఎలా ఉందో చూపిస్తుంది. పరగడుపున ఉండాల్సిన పని కూడా లేదు. దానితోపాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూడమనండి. ఈ ఆదివారం వెళ్లి మాట్లాడండి, సోమవారం సెలవు పెట్టి ఆమెను నెల్లూరు తీసుకెళ్లండి. మీరు చేయి చాచవద్దు, రక్తం ఆమె ఒక్కరే ఇవ్వాలి. రిపోర్టు వచ్చాక నాకు రాయండి. మీది వద్దు, అక్కది.