కమిటీ పిలిచినా పెద్ద అధికారి రాకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లాలో ఒక పల్లె. ఊరి చెరువు శిఖం భూమిలో (నీరు నిలిచే చోట) మట్టి పోసి ప్లాట్లు చేస్తున్నారని, చెరువు నిండితే నీరు బయటికి పోయే మత్తడి కాలువ పూడ్చేశారని ఆయకట్టు రైతులమంతా సంతకాలు పెట్టి, ఎమ్మెల్యే గారి ద్వారా శాసనసభ పిటిషన్ల కమిటీకి అర్జీ ఇచ్చాం. కమిటీ అధికారులను పిలిచింది. నీటిపారుదల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) రాకుండా కింది ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) పంపారు. ఏది అడిగినా ‘పై సార్లకే తెలుసు’ అన్నారట. అమెరికాలో కమిటీ పిలిస్తే పోనందుకు ఒకాయన జైలుకు పోయాడని టీవీలో చూశాను. మన శాసనసభకు ఆ అధికారం లేదా వకీలు గారూ? హైకోర్టుకు పొమ్మంటారా?

జవాబు: అధికారం ఉంది. దాన్ని వాడే తెగువే చాలాసార్లు ఉండదు.

రాజ్యాంగం 194వ అధికరణం శాసనసభకు, సభ్యులకు, కమిటీలకు ప్రత్యేక హక్కులిచ్చింది. 208వ అధికరణం ప్రకారం సభ తన నియమావళిని తానే రాసుకుంటుంది. మనుషుల్ని, ఫైళ్లను, రికార్డులను రప్పించే అధికారం కమిటీలకు దాని నుంచే వస్తుంది. 2021లో అజిత్ మోహన్ కేసులో ఢిల్లీ శాసనసభ కమిటీ ఫేస్‌బుక్ అధికారిని పిలవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ సభ పరిధిలో లేని విషయాలపై జవాబు చెప్పాల్సిన పని లేదని కూడా అంది. ఒక ప్రైవేటు కంపెనీ మనిషినే పిలవగలిగినప్పుడు, రాష్ట్ర ఖజానా నుంచి జీతం తీసుకునే ఇంజనీరును పిలవలేరా? ఊరి చెరువులు, సాగునీరు రాష్ట్ర విషయాలు. మీ అర్జీకి పరిధి చిక్కు లేదు.

మీరు టీవీలో చూసింది బహుశా ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్ సంగతి. అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) కమిటీ సమన్లను లెక్కచేయనందుకు 2022లో కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. 2024లో నాలుగు నెలలు జైల్లో ఉన్నారు. అక్కడ అది చట్టంలో రాసిన నేరం. సభ సిఫారసు చేస్తే న్యాయశాఖ కేసు పెడుతుంది, శిక్ష కోర్టు వేస్తుంది. మన దగ్గర సభా హక్కుల ఉల్లంఘన కింద శిక్షించాల్సింది సభే. ఉత్తరప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో ఆరుగురు పోలీసులను సభలోనే విచారించి, అర్ధరాత్రి దాకా నిర్బంధంలో ఉంచింది. వాళ్ల మీది ఫిర్యాదు 2004లో కాన్పూర్‌లో ఒక ఎమ్మెల్యేపై లాఠీఛార్జి గురించి, సాక్ష్యానికి రాకపోవడం గురించి కాదు. సభ తలుచుకుంటే ఎంతదాకా పోగలదో చూపడానికే చెబుతున్నాను.

చిక్కంతా ఆ తలుచుకోవడం దగ్గరే. పిటిషన్ల కమిటీ తానుగా ఎవరినీ శిక్షించలేదు. అధికారి రాలేదని స్పీకర్‌కు నివేదించాలి, విషయం సభాహక్కుల కమిటీకి పోవాలి, చివరికి సభ తేల్చాలి. సభలో మెజారిటీ ప్రభుత్వానిదే. ఆ అధికారి పనిచేసేదీ ప్రభుత్వం కిందే. ఏ పార్టీ ఉన్నా ఇదే కథ. కమిటీ సభ్యులు పార్టీ పక్కనపెట్టి గట్టిగా నిలబడిన చోటే అధికారులు ఫైళ్లతో సహా పరుగున వస్తారు. మిగతా చోట్ల కిందివాళ్లొచ్చి తలూపి పోతారు. రైతు ఏడాది పంట ఆ చెరువు మీద ఆధారపడి ఉంటే, ఇంత తేలిగ్గా తీసుకోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఇక మీ పని. ముందు కమిటీ పంపిన నోటీసులో ఏముందో కనుక్కోండి, ఎమ్మెల్యే కార్యాలయంలో తెలుస్తుంది. ‘సంబంధిత అధికారులు హాజరు కావాలి’ అని మాత్రమే ఉంటే ఏఈ రావడం తప్పని వాదించడం కష్టం. ఈఈ హోదా రాసి ‘స్వయంగా హాజరు కావాలి’ అని ఉంటే, చైర్మన్ అనుమతి లేకుండా బదులు మనిషిని పంపడం కుదరదు. మొదటి రకం నోటీసైతే, రెండోసారి హోదా రాసి పిలవాలని, ఫలానా రికార్డులు వెంట తేవాలని కోరుతూ చైర్మన్‌కు అసెంబ్లీ కార్యదర్శి ద్వారా లేఖ రాయండి. రికార్డుల పేర్లు విడివిడిగా రాయండి: ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే మేర) హద్దుల మ్యాపు, సర్వే నివేదిక, ఇప్పటిదాకా ఆక్రమణదారులకిచ్చిన నోటీసులు. రాష్ట్ర భద్రతకో ప్రయోజనాలకో భంగమని ప్రభుత్వం కొన్ని పత్రాలు ఇవ్వకపోవచ్చు గానీ, ఊరి చెరువు మ్యాపుకు ఆ సాకు పనికిరాదు.

అవే కాగితాలకు నీటిపారుదల శాఖలో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిటీలో ఎవరేం చెప్పారో మాత్రం అందులో అడగొద్దు. సభా హక్కులకు భంగమనే కారణంతో ఆ చట్టం సెక్షన్ 8(1)(సి) కింద తిరస్కరిస్తారు.

చాలామంది నన్ను అడిగే మాట ఇంకొకటి. మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన వ్యవహారంలో మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ అంతటివారే 2025 జూన్‌లో కమిషన్ ముందుకొచ్చారు కదా, ఈఈ ఎందుకు రాడని. అది శాసనసభ కమిటీ కాదు. 1952 విచారణ కమిషన్ల చట్టం కింద ప్రభుత్వం వేసిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్. సాక్షులను రప్పించడంలో దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

హైకోర్టు సంగతి. ఈఈని పిలిపించమని కమిటీని ఆదేశించాలంటూ రిట్ (హైకోర్టుకు నేరుగా పెట్టే అర్జీ) వేస్తే ఫలితం ఉండదు. సభా వ్యవహారాల్లో కోర్టులు తలదూర్చకుండా 212వ అధికరణం అడ్డుంటుంది. ఆక్రమణ తొలగించాలని 226వ అధికరణం కింద రిట్ వేయడం వేరు, అది తప్పకుండా వేయవచ్చు. గ్రామ చెరువులు, ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఒక్క జాగ్రత్త: కోర్టులో ఉన్న విషయాన్ని పిటిషన్ల కమిటీలు సాధారణంగా పట్టించుకోవు. రిట్ వేశాక కమిటీ దారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ.

నన్నడిగితే, టిప్పర్లు ఇప్పటికీ మట్టి పోస్తుంటే కమిటీ కోసం ఆగొద్దు. కమిటీ స్టే ఇవ్వలేదు, కోర్టు ఇవ్వగలదు. పని ఆగిపోయి ఉంటే మాత్రం కమిటీకి ఇంకో అవకాశం ఇవ్వండి. రికార్డులు బయటికొస్తే రేపు రిట్‌కూ బలమవుతాయి.

మిమ్మల్ని కూడా సాక్ష్యానికి పిలవవచ్చు. వెళ్లండి. చెప్పినందుకు ఎవరైనా బెదిరిస్తే అది కూడా సభా హక్కుల ఉల్లంఘనే. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో తేదీతో రాసి చైర్మన్‌కు పంపండి, పోలీసు ఫిర్యాదూ ఇవ్వండి. కమిటీ నివేదిక సభలో పెట్టేదాకా లోపల జరిగిన మాటలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అలా పెడితే తప్పు మీమీదికి వస్తుంది.