కిటికీ పక్కనుంచి వాన నీళ్లు కారుతుంటే బిల్డర్ బాధ్యత ఎన్నాళ్లు?

ప్రశ్న: మాది విజయనగరం. 24 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో 42 లక్షలు పెట్టి ఫ్లాట్ కొన్నాం. 2022 జూన్‌లో తాళాలిచ్చారు. గాలివాన వస్తే చాలు, తూర్పు వైపు రెండు కిటికీల పక్కనుంచీ బాల్కనీ తలుపు కిందినుంచీ నీళ్లు లోపలికి వస్తున్నాయి. బిల్డర్‌ను అడిగితే "తుపాను వానకు మేమేం చేస్తాం? గ్యారంటీ ఏడాదే. కిటికీలు బిగించినవాళ్లను అడుగు" అంటున్నారు. మేమే సిలికాన్ వేయించుకుంటే కేసు వేసే హక్కు పోతుందా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ బిల్డర్ చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

మొదటిది, ఏడాది గ్యారంటీ. 2016 నాటి రెరా చట్టం (ఇళ్లు, ఫ్లాట్లు కట్టి అమ్మేవారిని నియంత్రించే చట్టం) 14(3) సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన నాటినుంచి ఐదేళ్లలోపు పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం ఉందని మీరు తెలియజేస్తే, బిల్డర్ పైసా అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడిగే హక్కు మీకుంది. అంటే మీకు 2027 జూన్ దాకా గడువుంది. అగ్రిమెంటులో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన చట్టమిచ్చిన ఐదేళ్లు తగ్గిపోవు. 24 ఫ్లాట్లంటే స్థలం 500 చదరపు మీటర్లు దాటే ఉంటుంది కాబట్టి ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు ఏపీ రెరా (ఆ చట్టం అమలు చూసే రాష్ట్ర సంస్థ) వెబ్‌సైట్‌లో చూసి రాసుకోండి.

తుపాను సంగతికొస్తే, రెరా చట్టంలో ఆ మాట ఉంది, కానీ 6వ సెక్షన్‌లో. తుపాను, వరద లాంటివి వచ్చి పని ఆగితే ప్రాజెక్టు పూర్తిచేయడానికి అదనపు గడువు ఇవ్వడం గురించి అది. నాసిరకం పనిని కప్పిపుచ్చుకోవడానికి కాదు. గాలికి రేకు ఎగిరొచ్చి అద్దం పగిలితే వేరే మాట. మీ అద్దాలు బాగానే ఉన్నాయి, నీళ్లు సందుల్లోంచి వస్తున్నాయి. హుద్‌హుద్, తిత్లీ, గులాబ్ చూసిన ఉత్తరాంధ్రలో గాలివాన వస్తుందని తెలియకుండా ఎవరూ ఇల్లు కట్టరు.

ఇక కిటికీలు బిగించినవాళ్లతో మీకు ఒప్పందమే లేదు. వాళ్లను పనిలో పెట్టుకున్నది బిల్డర్. వాళ్ల దగ్గర రాబట్టుకోవాలంటే ఆయనే రాబట్టుకోవాలి.

అయితే చట్టం మీవైపు ఉన్నంత మాత్రాన చాలదు, లోపం పనితనంలోనే ఉందని చూపించాలి. ఇలాంటి కేసులు ఎక్కువగా బలహీనపడేది ఇక్కడే. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదికి వచ్చేలా పేరుస్తారు కదా, కిటికీ చుట్టూ కూడా అంతే. పైనుంచి జారిన నీరు ప్రతి అతుకు దగ్గరా బయటికే పోవాలి. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉందా, లోపలికి వాలిందా చూడండి. సజ్జా అంచు కింద నీటిబొట్టు తెగి పడేలా గాడి ఉందా? కిటికీ కింది పట్టాలో నీరు పోయే చిన్న రంధ్రాలను సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూసేశారా? ఈ చివరిది చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

తర్వాత ఒక సివిల్ ఇంజినీరును పిలిచి పైపుతో నీళ్లు కొట్టించండి. ముందు అడుగు గట్టు మీద, తర్వాత పక్కల, చివర సజ్జా మీద. కిందినుంచి పైకి వెళితేనే నీరు ఎక్కడ దూరుతోందో తేలుతుంది. మొత్తం వీడియో తీసి, ఆయన సంతకంతో రిపోర్టు తీసుకోండి. ఆ రోజు రమ్మని బిల్డర్‌కు ముందే వాట్సాప్ మెసేజ్ పెట్టండి. రాకపోయినా పిలిచినట్టు రుజువుంటుంది.

సిలికాన్ వేయించుకున్నంత మాత్రాన హక్కు పోదు, రుజువు పోతుంది. అందుకే ఫొటోలు, రిపోర్టు, నోటీసు అయ్యేవరకు ఆగండి. పిల్లలో పెద్దవాళ్లో ఉండి ఆగే వీలు లేకపోతే, ముందు ఫొటోలు తీసి పని చేయించి బిల్లు దాచండి, ఆ ఖర్చు కూడా అడగవచ్చు.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అదే ఈమెయిల్ కూడా చేయండి. అప్పగించిన తేదీ, ఏ గదిలో ఏ కిటికీ, 14(3) సెక్షన్, 30 రోజుల గడువు అందులో ఉండాలి. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా కాగితం మీద లేకపోతే లెక్కలోకి రాదు.

గడువు దాటితే రెండు దారులు. ఒకటి ఏపీ రెరా, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. రెండోది విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షలు దాటలేదు కాబట్టి అక్కడే వేయవచ్చు, ఫీజు వెయ్యి రూపాయలు. ఏ దారి అన్నది కొనుగోలుదారు ఇష్టమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో నేను రెరాకే వెళ్లమంటాను. వినియోగదారుల చట్టంలో గడువు రెండేళ్లే, నీరు మొదటిసారి కారిన రోజునుంచే లెక్కపెట్టాలని అవతలివాళ్లు వాదిస్తారు. రెరాలో ఐదేళ్ల మాట స్పష్టంగా ఉంది.

పక్క ఫ్లాట్లలోనూ ఇదే బాధ ఉంటే కలిసి నోటీసు ఇవ్వండి, బరువు పెరుగుతుంది. నోటీసు అందాక బిల్డర్ మనిషి వచ్చి పైపైన సీలెంట్ పూసి, "అన్నీ సరిచేశారు, ఇక మాకు ఏ అభ్యంతరమూ లేదు" అన్న కాగితం మీద సంతకం అడగవచ్చు. ఒక గట్టి గాలివాన చూశాకే పెడతామని చెప్పండి. పెట్టక తప్పకపోతే "పని జరిగింది, వానలో పరీక్షించలేదు" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, అప్పుడు సంతకం చేయండి.